అమ్మ లేవని చలికాలం

పిల్లలకు కథ చదివి వినిపించేటప్పుడు చావు వచ్చిన చోట గొంతు తగ్గిస్తాం, భయం వచ్చిన చోట పేజీ తిప్పేస్తాం. అలా చేయనక్కర్లేదని నాకు గట్టిగా చెప్పిన పుస్తకం 'మూమిన్‌ల్యాండ్ మిడ్‌వింటర్'. ఫిన్లాండ్‌లో పుట్టి స్వీడిష్‌లో రాసిన టోవె యాన్సన్ దాన్ని 1957లో వెలువరించారు.

మూమిన్‌లు తెల్లగా, బొద్దుగా ఉండే వింత ప్రాణులు. నవంబర్‌లో కడుపునిండా పైన్ ఆకులు తిని పడుకుంటే ఏప్రిల్ దాకా లేవరు. ఆ ఏడు మాత్రం చలికాలం నడుమ చిన్నవాడు మూమిన్‌ట్రోల్‌కి మెలకువ వస్తుంది. మళ్లీ నిద్ర పట్టదు. అమ్మను లేపబోతే ఆమె ఇంకాస్త ముడుచుకుంటుందే గానీ లేవదు. పిలిస్తే అమ్మ పలకకపోవడం కన్నా పిల్లలకు పెద్ద భయం ఏముంటుంది?

బయట మంచు, చీకటి. అక్కడ మూమిన్‌ట్రోల్‌కి టూ-టికీ అనే ఆవిడ కనిపిస్తుంది. యాన్సన్ జీవిత సహచరి, చిత్రకారిణి టూలిక్కి పియెటిలా ఆ పాత్రకు మూలం. టూ-టికీ వాణ్ని బుజ్జగించదు. ఏదైనా ఎవరికి వాళ్లే తెలుసుకోవాలంటుంది.

అందమైన తోక ఉన్న ఉడుత ఒకటి, మహాచలి వచ్చే రోజు జాగ్రత్త అన్న మాట మరిచిపోతుంది. ఆ చలిని వెంట తెచ్చే చలిరాణి వచ్చి దాని చెవి వెనక గోకుతుంది. ఉడుత ఆమె కళ్లలోకి చూసి కొయ్యబారిపోతుంది. అక్కడ పేజీ అడుగున రచయిత్రి చిన్న గమనిక పెట్టారు: ఏడుపొస్తే ఫలానా పేజీ చూడండి అని. ఆ పేజీలో, వసంతం వచ్చాక, మూమిన్‌ట్రోల్‌కి ఒక ఉడుత ఎదురవుతుంది. చనిపోయింది అదేనా, కాదా అన్నది యాన్సన్ తేల్చలేదు. చావును దాచకుండానే ఏడ్చే పిల్లల చేయి పట్టుకున్నారు. పిల్లల కోసం రాయడంలో ఇంతకన్నా కష్టమైన విద్య నాకు తెలియదు.

గ్రోక్ అనే భయంకర ప్రాణినీ ఆవిడ అలాగే చూశారు. అది వచ్చి కూర్చుంటే చలిమంట ఆరిపోతుంది. మంట ఆర్పాలని కాదు, వెచ్చబడాలనే వచ్చిందని టూ-టికీ చెబుతుంది. భయపెట్టేవాళ్లకూ ఒంటరితనం ఉంటుందని తెలిసిన పిల్లలు మనుషుల్ని కాస్త మెల్లగా తూకం వేస్తారు.

ఒంటరితనం పిల్లలకు కొత్త కాదు. బడిలో, చీకటి గదిలో వాళ్లకది ఎదురవుతూనే ఉంటుంది. దానికి మాటలిచ్చే కథను మనమే కత్తిరించడం అన్యాయం. అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే: చీకటి పేజీలు వదిలేయకండి. పక్కనే కూర్చుని పూర్తిగా చదవండి, అడిగినదానికి నిజం చెప్పండి.