దొంగ ప్రతుల నామకరణం

కిందటి చలికాలం బేస్‌మెంటు సర్దుతుంటే ఒక పాత హార్డ్ డిస్కు దొరికింది. పారేసే ముందు చూద్దామని తగిలిస్తే అందులో ఇరవై ఏళ్ళ కిందటి అమెరికన్ టీవీ ధారావాహికలు. మా అబ్బాయి నా భుజం మీంచి తొంగిచూసి, "నాన్నా, ఇవి పాస్‌వర్డులా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. "ఫైర్‌ఫ్లై.ఎస్01ఈ01.డబ్ల్యుఎస్.డీవీడీరిప్.ఎక్స్‌విడ్" అని చుక్కల గొలుసు, చివర ఒక అడ్డగీత, దాని పక్కన ఓ ముఠా పేరు.

ఇది దొంగసొత్తు. రాసినవాళ్ళకీ నటించినవాళ్ళకీ పైసా ముట్టని ప్రతులు. ఆ సంగతి ముందే ఒప్పుకుని, ఆ పేర్లని ఒక రచనగా చదివితే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

ఖాళీల బదులు చుక్కలెందుకంటే, పేరులో ఖాళీ వస్తే తికమకపడే ప్రోగ్రాముల కాలం అది. అసలు సరుకు ఆ తర్వాతి మాటల్లో ఉంది. "టీవీరిప్" అంటే పాతకాలపు అనలాగ్ ప్రసారం నుంచి పట్టింది. "డీఎస్ఆర్" అంటే ఉపగ్రహ ప్రసారం నుంచి, "హెచ్‌డీటీవీ" అంటే హై డెఫినిషన్ ప్రసారం నుంచి తీసింది. ఇక్కడే చాలామంది పొరబడేవారు. హెచ్‌డీటీవీ అని రాసున్న ఫైలు తెరిస్తే బొమ్మ 624 బిందువుల వెడల్పే ఉండేది. మోసం కాదు, ఆ మాట చెప్పేది పుట్టిల్లు గురించి, ఇప్పటి ఒడ్డూ పొడుగూ గురించి కాదు. "ఎక్స్‌విడ్" అన్నది "డివ్ఎక్స్" అక్షరాలని తిరగేసి పెట్టిన పేరు. గంట కార్యక్రమం ప్రకటనలు పోగా 350 మెగాబైట్లు, ఎందుకంటే 700 మెగాబైట్ల సీడీలో సరిగ్గా రెండు పట్టాలి. సీడీలు మూలపడ్డాక కూడా ఆ కొలత చాలాకాలం నడిచింది. 2012లో ఈ ముఠాలు కొత్త నియమావళి రాసుకుని ఎక్స్‌ 264కి మారితే, పాత డీవీడీ ప్లేయర్లలో ఆడట్లేదని జనం గోలపెట్టారు. ఉచితంగా వచ్చినదాని మీద కూడా ఫిర్యాదు!

నాకు బాగా నచ్చిన మాటలు రెండు. ముఠా తన తప్పు తానే దిద్దుకుని మళ్ళీ వదిలితే "రీప్యాక్". ఇంకొకరి ప్రతిలో లోపం చూపించి, సరైనది ఇదీ అని వదిలితే "ప్రాపర్". ఊరికే అంటే కుదరదు, జత చేసిన కాగితంలో కారణం చెప్పాలి. బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులు పోగేసి, పాఠాలు పోల్చి 1829లో అచ్చువేయించిన పద్ధతికి ఇది దూరపు చుట్టమే. మన అచ్చు పుస్తకాల్లో మలిముద్రణలు ఎన్ని చూశాం? ఏం దిద్దారో చెప్పినవి ఎన్ని?

అయితే ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. ఫైర్‌ఫ్లైనే తీసుకోండి. 2002లో ఫాక్స్ ఛానెల్ దాన్ని వరుస తప్పించి ప్రసారం చేసింది. తీసినవి 14, ప్రసారమైనవి 11. కథకి పునాది వేసే మొదటి భాగం "సెరెనిటీ"ని డిసెంబరులో అన్నిటికన్నా చివర చూపించారు. 2003లో డీవీడీ వచ్చాకే భాగాలు తీసినవాళ్ళు అనుకున్న వరుసలో కూర్చున్నాయి. మరి "ఈ01" అంటే ఏది? ఛానెల్ లెక్కలో "ట్రైన్ జాబ్", కథకుడి లెక్కలో "సెరెనిటీ". అంకె చాలా ధీమాగా కనిపిస్తుంది కానీ ఎవరి లెక్కో చెప్పదు. పక్కనున్న "డీవీడీరిప్" అనే మాటే కాస్త ఆధారం.

అంతకన్నా పెద్ద లోపం చివరి గీత దగ్గరుంది. మన కావ్యాల్లో ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరు చెప్పుకుంటాడు. తాటాకు చివర రాయసగాడు తన పేరు చెక్కుకుంటాడు. ఈ ఫైలులో రాయసగాడి సంతకం మిగిలి, కవి గద్య ఎగిరిపోయింది. ఎలా దొంగిలించారో అంతా ఉంది, ఎవరిది దొంగిలించారో లేదు.

ఇక మన సీరియళ్ళు. జెమినీలో "చక్రవాకం", "మొగలిరేకులు" ఒక్కొక్కటీ వెయ్యి భాగాలు దాటాయి. వాటికి సీజన్లు లేవు, రెండంకెల లెక్క చాలదు. రోజువారీ కార్యక్రమాలకి అంకె బదులు సంవత్సరం, నెల, తేదీ పెట్టే ఆనవాయితీ ఒకటుంది, మనకి అదే సరిపోతుంది. పోతే రోమన్ లిపిలో "ఋతురాగాలు" అని రాయమంటే పదిమంది పది రకాలుగా రాస్తారు. వెతికినవాడికి దొరికేది తొమ్మిది మందికి దొరకదు.

అన్నట్టు, ఆ హార్డ్ డిస్కు పక్కనే ఒక వీడియో క్యాసెట్టు కూడా ఉంది. మేం ఈ దేశం వచ్చిన కొత్తల్లో మా అత్తయ్య దూరదర్శన్ నుంచి రికార్డు చేసి పంపింది. అది పాల్ పద్ధతి, ఇక్కడి వీసీఆర్‌లది ఎన్‌టీఎస్‌సీ. చూడ్డానికి రెండూ ఆడించే యంత్రం ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్ళేవాళ్ళం. చీటీ మీద అత్తయ్య దస్తూరీలో "మంగళవారం సీరియల్, మధ్యలో కరెంటు పోయింది" అని మాత్రం ఉంది. ఏ మంగళవారం? ఏ సంవత్సరం? ముక్కూ మొహం తెలియని దొంగ తేదీ రాశాడు, ప్రేమగా పంపిన మనిషి రాయలేదు.

నిన్న దానికి కొత్త చీటీ అంటించాను. సీరియల్ పేరు, రికార్డు చేసింది ఎవరు, ఏ ఊళ్ళో, అన్నీ రాసి తేదీ దగ్గర ఖాళీ వదిలాను. ఆదివారం అత్తయ్యకి ఫోన్ చేసి అడగాలి.