పెళ్ళి డీవీడీకి దొరికిన పనిమంతుడు

పాత పెళ్ళి డీవీడీని కంప్యూటర్‌లో పెట్టి, తలంబ్రాల కోసం చేతులు పైకి లేచిన చోట ఆపి చూడండి. వేళ్ళ అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తాయి. డిస్కు పాడైందని కంగారు పడక్కర్లేదు. మన టీవీల పాల్ (PAL) పద్ధతిలో వీడియో కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీసేది. ఒక్కో ఫ్రేమునూ రెండు సగాలుగా తీసేది. ఒకసారి బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తేడాతో సరి గీతలు. పిక్చర్ ట్యూబ్ టీవీ ఆ వరసలోనే చూపేది గనక మనకు తెలిసేది కాదు. ల్యాప్‌టాప్ రెండు సగాలనూ కలిపి ఒక్కసారే చూపిస్తుంది. ఈలోగా చెయ్యి కదిలిపోయింది!

డీవీడీలను ఫైళ్ళుగా మార్చే సాఫ్ట్‌వేర్లకు కొదవ లేదు. హ్యాండ్‌బ్రేక్ పనితనం తెలిసేది మాత్రం ఇక్కడే. దాని డీకోంబ్ ఫిల్టర్ ప్రతి ఫ్రేమునూ పరీక్షించి, చీలిక ఉన్నదాన్నే సరిచేస్తుంది. పురోహితుడు కదలకుండా కూర్చున్న ఫ్రేముల జోలికి పోదు. గీతలను సర్దడమంటే కొంత వివరం పోగొట్టుకోవడమే. ఆ నష్టం తప్పని చోటే భరిస్తుంది. ముట్టుకోనక్కర్లేనిదాన్ని ముట్టుకోకపోవడం: ఇందులో నన్ను ఆకట్టుకున్న గుణం అదే.

ఎరిక్ పెటి 2003లో హ్యాండ్‌బ్రేక్‌ను బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టాడు. ఆ సిస్టమ్ ఇవాళ ఎందరికి గుర్తుందో! తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే డెవలపర్లు అందుకున్నారు. 1.0 వెర్షన్ అని చెప్పుకోవడానికి 2016 డిసెంబరు దాకా ఆగారు. పుట్టీపుట్టకముందే ‘ప్రో’ అని తగిలించుకునే సాఫ్ట్‌వేర్ల మధ్య ఈ బిడియం ముచ్చటగా ఉంటుంది.

డీవీడీలో బొమ్మ 720×576 చుక్కలు. ఆ చుక్కలు చతురస్రాలు కావు. 4:3 బొమ్మయితే 768 చుక్కల వెడల్పుకు సాగాలి, వైడ్‌స్క్రీన్ అయితే 1024కు. ఈ లెక్క పట్టని కన్వర్టర్ల చేతిలో పడితే పెళ్ళికూతురు ఉన్నట్టుండి లావెక్కుతుంది, లేదా బక్కచిక్కుతుంది. హ్యాండ్‌బ్రేక్ చుక్కలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, చూపేటప్పుడు ఎంత సాగదీయాలో ఫైల్లో రాసిపెడుతుంది. 576 గీతలను తనంతట తాను 1080 చెయ్యదు. ‘ఫుల్ హెచ్‌డీలోకి మార్చి ఇస్తాం’ అనే దుకాణాలు పెంచేది ఎక్కువగా ఫైలు సైజునే. కెమెరా చూడని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

సైజు సంగతీ అంతే. ఎన్ని ఎంబీలు కావాలని కాదు, ఎంత నాణ్యత కావాలని అడుగుతుంది. దానికి ఆర్‌ఎఫ్ అనే అంకె ఉంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. డీవీడీలకు 18 నుంచి 22 మధ్య చాలు. ఆ మాట నిలబెట్టడానికి ఊరేగింపులోని బాణసంచాకు ఎక్కువ డేటా, విడిదింట్లోని ఖాళీ కుర్చీలకు తక్కువ డేటా ఖర్చుపెడుతుంది. స్టూడియోవాళ్ళు చాప్టర్లు పెట్టి ఉంటే అవీ ఫైల్లోకి వస్తాయి. తాళం వేసిన సినిమా డిస్కులను ఇది తనంతట తాను తెరవదు. పెళ్ళి డిస్కులకు ఆ బాధ లేదు.

డిస్కు మీద గీతలు పడితే మాత్రం హ్యాండ్‌బ్రేక్ చేతులెత్తేస్తుంది. అక్కడ ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన జీఎన్‌యూ డీడీరెస్క్యూ కావాలి. అది ముందు బాగున్న భాగాలన్నీ చదువుకుంటుంది, మొరాయించిన చోట్లను ఒక మ్యాప్ ఫైల్లో గుర్తుపెట్టుకుని తర్వాత వాటి పని పడుతుంది. అదే మ్యాప్‌తో మరో డిస్కు కూడా పెట్టొచ్చు. పుట్టింటి కాపీలో పోయిన ముక్క అత్తింటి కాపీలో మిగిలి ఉంటే, రెండూ ఒకే ఇమేజ్ నుంచి రాసినవైతే, ఖాళీలు పూడుతాయి. ఈ ఏర్పాటు ఆలోచించినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

స్టూడియోలు ఇచ్చే రైటబుల్ డిస్కుల్లో డేటా ఉండేది రంగు పొరలో; ఎండకూ వేడికీ అది చెడిపోతుంది. కాబట్టి ముందు డిస్కు మొత్తాన్నీ ఐఎస్‌ఓ ఇమేజ్‌గా తీసి దాచండి, ఫైలుగా మార్చడం ఆ తర్వాత చూసుకోవచ్చు. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే.