బడి వరండాలో పళ్ల డాక్టర్లు

గొల్లపల్లిలో పన్ను సలిపితే ముందు లవంగం, తర్వాత ఉప్పునీళ్లు, ఆఖరికి జగిత్యాల బస్సు. కూలి పోతుందని ఆ బస్సును రేపటికి వాయిదా వేసేవాళ్లకు కొదవ లేదు. అందుకే, బడి వరండాలో బెంచీ వేసుకుని ఫీజు అడగకుండా నోళ్లు చూసే పళ్ల డాక్టర్లంటే నాకు గురి.

కరెంటు లేకున్నా ఆగని పద్ధతి ఒకటి వాళ్ల చేతిలో ఉంది. 1980ల నడుమ టాంజానియాలో మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని ముందుకు తెచ్చింది. డ్రిల్లు ఉండదు, చాలాసార్లు మత్తుసూదీ అక్కర్లేదు. చిన్న చెంచాలాంటి పనిముట్టుతో పుచ్చి మెత్తబడ్డ భాగాన్ని గీకి తీస్తారు. గ్లాస్ అయోనోమర్ సిమెంటు కలిపి గుంత నింపి, వాజలిన్ రాసిన వేలితో ఒత్తుతారు. అది పంటిని పట్టుకుని, ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. బిగుసుకునేదాకా ఉమ్మి తగలకుండా దూదితో కాయడమే అసలు నేర్పు. మేస్త్రీ పనే, కాకపోతే ఇక్కడ గోడ కదులుతుంటుంది!

"పీకుతవా బిడ్డా?" బీడీలు చుట్టే అవ్వ భయం.

"పీకనవ్వా, నింపుత. గంటసేపు ఏం తినకు."

కొంగుముడి విప్పబోయిన అవ్వ, వక్కను మళ్లీ లోపలికే దోపుకుంటుంది.