బొంతలో ఒక అతుకు తగ్గింది

మంగళవారం రాత్రి నేను చూసే ఫ్రీబీఎస్‌డీ పోర్టుకి కొత్త వెర్షన్ దింపి ‘మేక్ ప్యాచ్’ కొట్టాను. ఏడు ప్యాచ్‌లలో మూడోది ఎక్కనంది. ఈ మార్పు ముందే ఉన్నట్టుందని చెప్పింది. నాలుగేళ్ల కిందట మూల రచయితకు నేను పంపిన ఒక్క లైను అది. మాలక్.హెచ్ అని రాస్తే ఫ్రీబీఎస్‌డీలో కంపైలింగ్ ఆగిపోతుంది, స్టడ్‌లిబ్.హెచ్ అని ఉండాలి. ఇప్పుడది ఆయన కోడ్‌లోనే ఉంది. ఆ ప్యాచ్ ఫైలు తుడిచేసి, ఆనందం పట్టలేక లేచి టీ పెట్టుకున్నాను.

నాది ఒకటే పాత పాట: పోర్టు అతుకుల బొంత కాకూడదు, ప్రతి ప్యాచ్‌నీ మూలానికి పంపేయాలి. మన దగ్గరే ఉంచుకుంటే చుట్టుపక్కల లైన్లు మారినప్పుడల్లా తంటా. కాస్త తేడా ఉన్నా ప్యాచ్ సర్దుకుని ఎక్కేస్తుంది, ‘ఫజ్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. తప్పుచోట కూర్చున్నా మనకు తెలియదు.

పంపితే సరిపోతుందా? 2006 నాటి డెబియన్ కథ నన్ను వదలదు. రహస్య కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండు చోట్ల ఒకేలాంటి లైను. విలువ పెట్టని మెమరీని వాడుతున్నారని మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ హెచ్చరించింది. ప్యాకేజీ చూసే మనిషి మూల డెవలపర్లను అడిగాడు కూడా. డీబగ్గింగ్‌కి పనికొస్తే తీసేయొచ్చని జవాబొచ్చింది. రెండూ తీసేశాడు. ఒకటి పోయినా నష్టం లేదు. రెండోది మాత్రం ఎవరూ ఊహించలేని అంకెలు పుట్టడానికి కావాల్సిన సరుకంతా లోపలికెళ్లే దారి. అది మూసుకుపోయాక మిగిలింది ప్రాసెస్ నంబరొక్కటే, అంటే 32,768 అవకాశాలు. 2008 మే 13న ప్రకటన వచ్చేదాకా డెబియన్‌లో, ఉబుంటులో జనం ఆ బలహీనమైన కీలనే తయారుచేసుకున్నారు. అడగడమూ జరిగింది, జవాబూ వచ్చింది. ఆ లైను అక్కడెందుకుందో మాత్రం తేలలేదు.

బుధవారం నా మిగతా ఆరు ప్యాచ్‌లూ తెరిచాను. డెబియన్‌వాళ్లు ఇప్పుడు ప్యాచ్ తలమీద అదెందుకో, మూలానికి పంపారో లేదో రాస్తారు. నావి ఖాళీ. ఒకటి ఎందుకో చూడగానే గుర్తొచ్చింది. 32-బిట్ ఏఆర్ఎమ్ బోర్డుల్లో కాలం విలువ 64 బిట్లు, ‘లాంగ్’ 32 బిట్లే. అందుకని తేదీ తప్పుగా అచ్చయ్యేది. 32-బిట్ యంత్రాలను తాను పట్టించుకోనని రచయిత తిప్పి పంపారు. అది ఆయన ఇష్టం. కానీ ఆ బోర్డులున్నవాళ్లు నా పోర్టు వాడుతున్నారు. ఈ అతుకు ఊడకూడదు. ప్రతి వెర్షన్‌కీ మళ్లీ కుడతాను.

మూడింటికి కారణాలు రాశాను. మిగతా మూడింటి కోసం పాత కమిట్లు తవ్వుతున్నాను. ఆ కారణాలు దొరికేదాకా కొత్త వెర్షన్ ఎక్కించను.