సెంటరు లేని రాత్రి

ఒక బాస్కెట్‌బాల్ జట్టులోని ప్రధాన క్రీడాకారుడు కాలు మడతపడి కోర్టు విడిచిన మరుక్షణమునుండి చూచువారందరి నోటను ఒకటే ప్రశ్న వినవచ్చును: ఇక వీరు గెలువగలరా? క్రికెట్టు విషయమున ఇదే ప్రశ్న నడుగువారి కంఠమున కొంత ధైర్యముండును, ఇచ్చట ఉండదు. అందుకు హేతువు లేకపోలేదు. క్రికెట్టు జట్టులో పదునొకండ్రు. అందెంతటి బ్యాట్స్‌మన్ అయినను ఒకమారు అవుటైనచో ఆ ఇన్నింగ్సులో మరల రాజాలడు, ఎంతటి బౌలరైనను ఒక ఓవరు ముగియగానే బంతిని వేరొకని చేతి కీయవలెను. బాస్కెట్‌బాల్ కోర్టుమీద నిలుచువారు అయిదుగురే. బంతి దొరికిన 24 సెకండ్లలోపల బుట్టవైపు వేయవలెనను నియమము అమెరికా వృత్తిక్రీడలో 1954లో వచ్చినది. అట్లు వేయుభారమును ప్రతి పర్యాయమును ఒక్కనికే అప్పగించినను కాదనువారు లేరు, ఆతడలసిపోవుట యొక్కటే అడ్డు. కావున ఒకడు పోయిన అయిదవవంతు బలము పోయినదని కట్టిన లెక్క కోర్టుమీద నిలువదు.

నేను కళాశాలలో ఈ యాట నాడితినని చెప్పుకొందును గాని, ఆడిన కాలముకంటె బెంచిమీద కూర్చుండిన కాలమే అధికము. అందువలన ఒక లాభము కలిగినది. కోర్టులో నున్నవాడు బంతిని చూచును. బెంచిమీదివానికి బంతి లేని నలుగురును కనబడుదురు. మా జట్టులో ఆటకంతకును ఆధారమైన పొడగరి, అనగా సెంటరు, ఒకడుండెడివాడు. ఆతడు బుట్టక్రింద చేతులు చాచి నిలిచినంతనే ప్రత్యర్థులలో ఇద్దరాతని చుట్టు చేరెడివారు. బంతి ఆతనివైపు రాకపోయినను వారిద్దరును కదలెడివారు కారు. ఆ కారణమున మిగిలిన నలుగురకు ముగ్గురే కాపలా యగుచుండిరి. అందరును మెచ్చుకొనుచుండిన మా గార్డు దూరపు షాట్లన్నియు అట్లు మిగిలిన చోటినుండి పుట్టినవే. పొడగరి జ్వరపడి రానినాడు ప్రత్యర్థులలోకెల్ల గట్టివాడు వచ్చి ఆ గార్డునకు తగులుకొనెడివాడు. అంతకుమున్ను గార్డును కాచుచుండినవాడు మా మూడవవానిపై బడెడివాడు. ఇట్లు ఒక్కడు రాకపోవుటచే నలుగురును తలా ఒక మెట్టు పైకి నెట్టబడి, తమకు మించిన కాపలాను ఎదుర్కొనవలసి వచ్చెడిది. ఖాళీయైన స్థానమున నన్ను నిలిపినంతమాత్రమున ఆ చిక్కు తీరెడిది కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సంగతిని తలపోయునప్పుడెల్ల నాకు స్ఫురించునది 1970 మే 4వ తేదీ రాత్రి న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ఆట. అది అమెరికా వృత్తిక్రీడలో ఆ యేటి ఫైనల్స్‌లో అయిదవది. న్యూయార్కు నిక్స్, లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్లు చెరి రెండాటలు గెలిచియున్నవి. నిక్స్ సెంటరు విల్లిస్ రీడ్ ఆ జట్టునకు కెప్టెన్. ఆ సంవత్సరపు లీగులో అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైనవాడు. అన్నిటికంటె ముఖ్యముగా, 7 అడుగుల 1 అంగుళము పొడవైన లేకర్స్ సెంటరు విల్ట్ చేంబర్లేన్‌ను కాయుటకు ఆ జట్టులో దేహబలము గల యొకేయొక్కడు. మొదటి క్వార్టరు ముగియకమునుపే ఆతడు బంతితో చేంబర్లేన్‌ను దాటిపోబోయి తొడకండరము చిట్లి నేలకొరిగెను. అప్పటికే నిక్స్ 10 పాయింట్లు వెనుకబడియుండిరి; సగమాట ముగియునప్పటికి 13 పాయింట్లు వెనుకబడిరి. కోచ్ రెడ్ హోల్జ్‌మన్ చేతిలో నున్న ప్రత్యామ్నాయపు సెంటర్లలో ఎవరును చేంబర్లేన్‌కు తగినవారు కారు.

విరామసమయమున బిల్ బ్రాడ్లీ, తరువాతికాలమున అమెరికా సెనేటు సభ్యుడైన ఆ బ్రాడ్లీయే, ఒక యుపాయము చెప్పెను. సెంటరునకు మారుగా సెంటరును వెదకుట మాని, ఒకడు ముందు, ముగ్గురు నడుమ, ఒకడు వెనుక నుండునట్లు పొట్టివారినే కోర్టంతట విరజిమ్మినట్లు నిలుపుదమని ఆతని యభిప్రాయము. అప్పుడు చేంబర్లేన్ ముందు రెండు మార్గములే మిగులును. బుట్టక్రింద నిలిచెనా, దూరమునుండి వేయువానికి అడ్డుండదు; వానిమీదికి పోయెనా, బుట్ట దిక్కులేనిదగును. రెండవవైపున, తమ బుట్టను కాచునప్పుడు, 6 అడుగుల 6 అంగుళముల డేవ్ డిబుషర్, డేవ్ స్టాల్‌వర్త్ వంటివారు చేంబర్లేన్‌ను వెనుకనుండి నెట్టుచు, ముందునుండి అడ్డుపడుచు, బంతి ఆతని చేతికి చేరకయే దారిలో తన్నుకొనిపోవునట్లు చేసిరి. ఈ స్టాల్‌వర్త్ మూడేండ్లకు పూర్వము గుండెపోటు వచ్చి ఆట మానుకొని మరల వచ్చినవాడని తెలిసినచో ఆ రెండవభాగము మరింత విడ్డూరముగ తోచును. నిక్స్ 107–100తో గెలిచిరి.

జనులు ఈ గెలుపును సాహసమని కొనియాడుదురు, సాహసము లేదనను. కాని నా దృష్టి లేకర్స్ మీదికే పోవును. రీడ్ పడిపోయినంతనే వారి ముందొక సంపద తెరచినట్లాయెను. బుట్టక్రింద పొట్టివారు, వారిమధ్య పర్వతమువంటి చేంబర్లేన్! ఇక బంతిని ఆతనికి చేర్చుటకంటె పనియేమున్నది? అంతవరకు జెర్రీ వెస్ట్ అను మహామహుడు తన షాట్లతో నడిపించుచుండిన ఆటను వారు తామే మరచి, గుంపుగా చేరిన చేతులమధ్యకు బంతిని మరల మరల పంపి, మరల మరల పోగొట్టుకొనిరి. ఎదుటివాని దౌర్బల్యమును చూచి తన బలమును వదలుకొనుట ఈ యాటలో తరచు కనబడు లోపమే. గాయపడినవాని జట్టునకు దక్కు తొలి సహాయము ప్రత్యర్థుల ఆశనుండియే వచ్చునని నా యభిప్రాయము.

ఆ సహాయము ఎంతకాలముండును? రెండు దినములు. మే 6న లాస్ ఏంజెలెస్‌లో ఆరవ ఆట జరిగినది. ఆ లోపల లేకర్స్ తమ తప్పును గ్రహించిరి. బంతి సకాలమున, సరియైన కోణమున చేంబర్లేన్‌కు చేరెను. ఆతడు 45 పాయింట్లు చేసి 27 రీబౌండ్లు పట్టెను. నిక్స్ 113–135తో ఓడిరి. ఉపాయమదే, ఆడినవారును వారే. తెలియనిది తెలిసిపోవుట యొక్కటే భేదము. అందుచే ఒక్క రాత్రి గెలుతురా యనువానికి గెలువవచ్చునని జంకులేక చెప్పుదును. ఒకే ప్రత్యర్థితో ఏడాటలాడి గెలుతురా యన్నచో నా గొంతు తగ్గును.

మా ఆట మాస్టారు విచిత్రమైన మనిషి. సాధనవేళ వారమునకొకనాడైనను మా పొడగరిని పిలిచి గట్టున కూర్చుండబెట్టి, ఆతడు లేకుండ మమ్ము ఆడించెడివారు. పొడగరి అలిగెడివాడు, మేము ఓడెడివారము, మాస్టారు మాత్రము తృప్తిగ విజిల్ ఊదుచుండెడివారు. అప్పుడు మాకది పిచ్చిగ తోచెడిది. తరువాత మా యూళ్ల పద్యనాటకములు చూచుచున్నప్పుడు ఆయన తలంపు నాకర్థమైనది. కంట్రాక్టు నాటకములో కృష్ణుడొక యూరినుండి, అర్జునుడొక యూరినుండి ఆ రాత్రికే వచ్చి రంగముమీదనే కలిసికొందురు. కృష్ణుని బండి దారిలో నిలిచిపోయెనా, నాటకము నిలిచిపోవలసినదే. సురభివారి కుటుంబ సమాజములలో నన్ననో, తెరలాగు పిల్లవానికి సహితము అన్ని వేషముల మాటలును చెవినిబడి యుండును; ఒకడు పడకబట్టినను తెర లేచును. మాస్టారు మమ్ము సురభివారిని చేయజూచిరి. మేము కాలేదు.

అయినవారొకరు కలరు. 1980 ఫైనల్స్ అయిదవ ఆటలో లేకర్స్ సెంటరు, ఆ యేటి అత్యుత్తమ క్రీడాకారుడు కరీం అబ్దుల్ జబ్బార్ చీలమండ బెణికెను. ఆ నొప్పితోనే తిరిగివచ్చి మొత్తము 40 పాయింట్లు చేసి జట్టును 3–2 ఆధిక్యమునకు చేర్చెను. ఆరవ ఆట మే 16న ఫిలడెల్ఫియాలో. కరీం ప్రయాణము చేయజాలక ఇంటనే యుండెను. కోచ్ పాల్ వెస్ట్‌హెడ్, ఆ యేడే వృత్తిక్రీడలో నడుగిడిన, ఇరువది యేండ్ల పాయింట్ గార్డు మ్యాజిక్ జాన్సన్‌ను తొలిబంతి యెగురవేయువేళ సెంటరుగ నిలిపెను. ఆతడు 42 పాయింట్లు చేసెను, 15 రీబౌండ్లు పట్టెను, 7 అసిస్టులిచ్చెను. లేకర్స్ 123–107తో గెలిచి ఛాంపియన్లైరి. ఆశ్చర్యమేమనగా, ఆ దేశమున అధికభాగమునకు ఈ యాటను టెలివిజన్ వారు అర్ధరాత్రి సమీపించిన పిదప రికార్డు చేసినదిగ చూపిరి.

ఆ గార్డు సెంటరుగ ఆడెనని లోకము చెప్పుకొనును. నా కంటికి ఆతడు సెంటరుగ ఆడినది తొలిబంతి కొరకు ఎగిరిన ఆ క్షణమే. పిదప అయిదు స్థానములలోను సంచరించెను. బుట్టక్రింది మోటుపనిని జిమ్ చోన్స్ తనమీద వేసికొనెను. 37 పాయింట్లు చేసిన జమాల్ విల్క్స్ పేరు ఎంతమంది తలచెదరు? మరుగుపడిన ఆ 37 పాయింట్లు లేనిచో 42 పాయింట్లు ఓడినజట్టు ఖాతాలో పడియుండెడివి. కరీం ఉన్నదినములలో బంతి నెమ్మదిగ ఆతని స్థానమునకు పోయి ఆగుచుండెడిది; ఆ రాత్రి అది ఎచ్చటను ఆగలేదు. ఫిలడెల్ఫియావారు ఆగు ఆటకు సిద్ధపడిరి, ఆగని ఆట ఎదురయ్యెను. సగమాట వేళకు ఇరువురును 60–60తో సమానముగ నున్నను, తిరిగి సర్దుకొనుటకు వారికి రెండవ రాత్రి దొరకలేదు. ఏడవ ఆట జరిగియుండినచో ఏమగునో నేను ఊహింపబోను.

ఊహింపనక్కరలేని నిదర్శనము చికాగోలో కలదు. 2011–12లో బుల్స్ జట్టు, డెరిక్ రోజ్ గాయములతో ఆడజాలని 27 ఆటలలో 18 గెలిచినది. అది చూచి ఆతడు లేకున్నను నడచునని పలువురు నిశ్చింతులైరి. ప్లేఆఫ్స్ మొదటి ఆటలో, గెలుపు చేతిలో నున్న చివరినిమిషములలో, రోజ్ మోకాలిలోని స్నాయువు తెగెను. పిమ్మట జోవాకిం నోవా కూడ గాయపడెను. అగ్రస్థానమున నున్న ఆ జట్టు ఎనిమిదవ స్థానపు ఫిలడెల్ఫియా చేతిలో 4–2తో ఓడెను. సీజనులో ప్రత్యర్థి ఒక రాత్రికి వచ్చి పోవును. ప్లేఆఫ్స్‌లో అదే ప్రత్యర్థి రెండువారములు ఎదుటనే కూర్చుండి మనలను చదువును.

దీనికి ప్రతిగ 2021లో మిల్వాకీ బక్స్ కథ చెప్పుదురు. యానిస్ అడెటొకుంబో మోకాలు వెనుకకు వంగి పడిపోయిన తరువాత, అట్లాంటాపై రెండాటలును ఆతడు లేకయే గెలిచిరి. అందు అయిదవ ఆటలో, అంతవరకు దూరపురేఖవద్ద నిలిచి చోటువిడుచుటయే పనిగ బెట్టుకొన్న బ్రూక్ లోపెజ్, బుట్టచెంతకు చొరబడి 33 పాయింట్లు చేసెను. యౌవనమున ఆతని విద్య యదియే. యానిస్ ఉన్నంతకాలము దానితో పనిలేకపోయినది. నాకీ సంఘటన మిక్కిలి ప్రీతికరము. ఐతే అట్లాంటావారి ప్రధానుడు ట్రే యంగ్ కూడ ఆ అయిదవ ఆటలో లేడని మరువరాదు. ఫైనల్స్‌కు యానిస్ తిరిగివచ్చి చివరియాటలో 50 పాయింట్లు చేసినాడనియు మరువరాదు.

మరి, ప్రధానుడు లేకున్నచో జట్టు మెరుగగునని వాదించు అతితెలివిమంతులున్నారు. వారు 1999లో పాట్రిక్ యూయింగ్ గాయపడిన పిదప నిక్స్ ఫైనల్స్ చేరుటను ఉదాహరింతురు. అచ్చట శాన్ ఆంటోనియో చేతిలో 4–1తో ఓడుటను మాత్రము మెల్లగ దాటవేయుదురు.

1970 నాటి ఏడవ ఆట నెరుగనివారు అరుదు. రీడ్ మందుసూదులు గ్రుచ్చుకొని కుంటుచు కోర్టులోనికి వచ్చెను, మొదటి రెండు షాట్లను బుట్టలో వేసెను, గార్డెన్ దద్దరిల్లెను. అటుతరువాత ఆతడు మరొక పాయింటు చేయలేదు. ఆ రాత్రి 36 పాయింట్లు చేసి 19 అసిస్టులిచ్చినవాడు వాల్ట్ ఫ్రేజియర్. 113–99తో గెలిచిన తరువాత ఫైనల్స్ అత్యుత్తమ క్రీడాకారుని బహుమానము రీడ్‌కు దక్కెను. తొలి యాటలలో ఆతడు చూపిన పరాక్రమమునకు అది తగినదే, నేను కాదనను. కాని ఈ యాట నేర్చుకొనగోరు పిల్లలకు ఆ కుంటినడకనే మరల మరల చూపు కోచులను జూచినప్పుడు నాకు చిరాకు కలుగును. అయిదవ ఆట రెండవభాగమును చూపుడు. బ్రాడ్లీ ఎచ్చట నిలిచెనో, డిబుషర్ ఏ భుజముతో నెట్టెనో, బంతి లేని నలుగురు ఏమి చేయుచుండిరో చూపుడు.