దృష్టాంత గ్రంథములో జాన్ వాల్జాన్: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కోటగిరి మండలములో జరిగిన ఒక ఉపవాస కూడికలో "కృప" అను అంశముపై ప్రసంగించిన సేవకుడు ఒక ఫ్రెంచివాని కథ చెప్పాడు. ఆకలికి రొట్టె దొంగిలించిన వాడొకడు 19 సంవత్సరములు చెరసాలలో ఉన్నాడు. విడుదలై, తనకు ఆశ్రయమిచ్చిన బిషప్పు ఇంట్లో వెండి దీపస్తంభములు దొంగిలించాడు. బిషప్పు క్షమించగానే నూతన సృష్టి అయ్యాడు. ఇది ఫ్రెంచి విప్లవ కాలములో నిజముగా జరిగిన సంగతి అని కూడా ఆయన చెప్పాడు.

కూడిక ముగిసిన తరువాత, చెరకు కోతకు వెళ్ళే ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి రెండు ప్రశ్నలు అడిగాడు. "అయ్యగారూ, ఒక్క రొట్టెకు పందొమ్మిదేండ్లా? గంత శిక్ష యాడనన్న ఉంటదా?" అన్నది మొదటిది. రెండవది ఇంకా మెల్లగా అడిగాడు: "మా తమ్ముని కొడుకు జైలు నుంచి వచ్చిండు, బాప్తిస్మం తీసుకుండు, మల్ల దొంగతనం చేసిండు. వానికి కృప అందనట్టేనా?"

ప్రసంగీకుని మేము తప్పు పట్టడము లేదు. ఆయన చేతిలో ఉన్న దృష్టాంతముల సంపుటిలో "వాల్జీన్" అను శీర్షిక క్రింద నాలుగు వాక్యములున్నాయి. ఆయన వాటినే నమ్మకముగా చెప్పాడు. కాపరులు చేతితో వ్రాసుకొనే నోటు పుస్తకములలోనూ ఈ కథ ఇంచుమించు ఇలాగే కనబడుతుంది. అందువలన ఆ నాలుగు వాక్యములను నవలతో పోల్చి చూచి, ఒక ఆధార గ్రంథములో ఈ పాత్రను ఎలా నమోదు చేయాలో ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. "దృష్టాంతమే కదా, వివరములు ఎందుకు?" అని కొందరు అనవచ్చును. ఆ పెద్దాయన రెండవ ప్రశ్నకు జవాబు, సంపుటి విడిచిపెట్టిన వివరములలోనే ఉన్నది.

1. పాత్ర, పేరు, కాలము

జాన్ వాల్జాన్ చారిత్రక వ్యక్తి కాడు. విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన "లే మిజరాబ్ల్" అను నవలకు నాయకుడు. హ్యూగో 1845లో ఈ రచనను ఆరంభించినప్పుడు నాయకుని పేరు జాన్ త్రేజాన్. రాజకీయ కారణముల వలన దేశము విడిచి గెర్న్సీ ద్వీపములో నివసించిన కాలములో గ్రంథమును పూర్తి చేశాడు. "జాన్" అనునది యోహాను అను పేరుకు ఫ్రెంచి రూపము. ఇంగ్లీషు అక్షరములను బట్టి మనము "జీన్ వాల్జీన్" అని పలుకుతున్నాము. ఆధార గ్రంథములో శీర్షిక "వాల్జాన్, జాన్" అని ఉంచి, "వాల్జీన్" అని వెదకువారిని అక్కడికి పంపితే చాలును.

అయితే బిషప్పు పాత్ర వెనుక ఒక చారిత్రక వ్యక్తి ఉన్నాడు. నవలలోని బిషప్పు మిరియేల్‌కు నమూనా, 1806 నుండి 1838 వరకు దీన్యు పట్టణమునకు బిషప్పుగా ఉన్న మియోలిస్. "నిజముగా జరిగినది" అను మాట ఇక్కడి నుండి పుట్టి ఉండవచ్చును. నమూనా ఉండడము వేరు, కథ యథాతథముగా జరగడము వేరు. ఈ భేదమును ఆధార గ్రంథము స్పష్టముగా చెప్పాలి.

కాలము విషయములో కూడా పొరపాటున్నది. ఫ్రెంచి విప్లవము 1789లో మొదలైనది. వాల్జాన్ విడుదలైనది 1815 అక్టోబరులో. నవలలో వీధి పోరాటము 1832 జూన్ 5, 6 తేదీలలో పారిస్‌లో జరిగిన తిరుగుబాటు. అది విఫలమైనది. రాజరికమును కూల్చిన విప్లవముతో దీనిని కలిపివేయరాదు.

2. శిక్ష లెక్క

వాల్జాన్ ఫావెరోల్ అను ఊరిలో చెట్ల కొమ్మలు కత్తిరించే కూలివాడు. విధవరాలైన అక్కను, ఆమె ఏడుగురు పిల్లలను పోషించాడు. 1795 చలికాలములో పని దొరకలేదు. క్రషింగు సీజను ముగిసిన తరువాత కూలి వెదుక్కొనే ఇంటి పరిస్థితి బోధన్ ప్రాంతపు కాపరులకు వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. ఒక ఆదివారము రాత్రి అతడు రొట్టెల దుకాణపు అద్దము పగులగొట్టి ఒక రొట్టె తీసికొన్నాడు. రాత్రివేళ, మనుష్యులు నివసించు ఇంట పగులగొట్టి చేసిన దొంగతనము అని న్యాయస్థానము 5 సంవత్సరముల శిక్ష వేసింది. అతనికి తుపాకి ఉండడము, దొంగచాటుగా వేటాడేవాడని పేరుండడము కూడా అతనికి కీడే చేశాయి.

మిగిలిన 14 సంవత్సరములు తూలోన్ కారాగారము నుండి పారిపోవడానికి చేసిన ప్రయత్నములకు పడినవి. మొదటి ప్రయత్నమునకు 3, రెండవదానికి 5, మూడవదానికి 3, నాలుగవదానికి 3. ఆ చివరి ప్రయత్నములో అతడు బయట ఉన్నది నాలుగు గంటలు మాత్రమే. అన్నీ కలిపి 19.

"రొట్టెకు 19 సంవత్సరములు" అను వాక్యము అబద్ధమని కాదు, అది సగము లెక్క. దానిని విన్నవాడు ఒక దుర్మార్గపు న్యాయాధిపతిని ఊహించుకొంటాడు. హ్యూగో చూపినది అది కాదు. ఒక్కొక్క తీర్పు చట్టప్రకారమే ఉన్నది. అన్నీ కలిసినప్పుడు ఒక మనుష్యుని జీవితమును మింగివేశాయి. పాపము ఒక వ్యక్తి హృదయములోనే కాక వ్యవస్థలో కూడా ఎలా పనిచేయునో బోధించుటకు ఇంతకన్న స్పష్టమైన లెక్క దొరకదు.

సామెతలు 6:30-31ను ఇక్కడ జ్ఞాపకము చేసికొనవచ్చును. ఆకలికి దొంగిలించినవానిని తిరస్కరించవద్దన్న భావమూ, దొరికినప్పుడు వాడు చెల్లించవలెనన్న నియమమూ ఆ రెండు వచనములలో కలిసే ఉన్నాయి. వాల్జాన్ కూడా చెరసాలలో మొదట తన మీదనే తీర్పు తీర్చుకొన్నాడు. తాను చేసినది తప్పేనని ఒప్పుకొన్నాడు. ఆ తరువాతనే సమాజము మీద, చివరకు దేవుని ఏర్పాటు మీద నేరము మోపాడు. "నిర్దోషి" అని వ్రాసే సంపుటి ఈ క్రమమును చెరిపివేస్తుంది.

3. దొంగిలించినది ఏమిటి, ఇచ్చినది ఏమిటి

సంపుటిలోని అతి సాధారణమైన పొరపాటు దీపస్తంభముల గురించినది. వాల్జాన్ దొంగిలించినది భోజనపు వెండి సామాను: ఆరు జతల చెంచాలు, ఫోర్కులు, ఒక పెద్ద గరిటె. రెండు వెండి దీపస్తంభములను అతడు ముట్టలేదు. పోలీసులు అతనిని పట్టుకొని తెచ్చినప్పుడు, ఇవి కూడా నీకిచ్చాను కదా, ఎందుకు విడిచి వెళ్ళావని బిషప్పే వాటిని తెచ్చి అతని చేతికిచ్చాడు.

ఈ భేదము చిన్నది కాదు. దొంగిలించిన సొత్తును వదలివేయుట క్షమాపణ. దొంగిలించని దానిని కూడా ఇచ్చుట కృప. దీపస్తంభములను దొంగసొత్తులో చేర్చినవాడు, ఏ దృష్టాంతము చెప్పుటకు నిలబడ్డాడో దానినే పోగొట్టుకొంటాడు.

మరియొక వివరము. యథార్థవంతుడగుటకు ఈ ధనమును వినియోగిస్తానని మాట ఇచ్చావు, మరువవద్దని బిషప్పు అతనితో చెప్పాడు. వాల్జాన్‌కు అట్టి మాట ఇచ్చినట్టు జ్ఞాపకమే లేదు. "వాల్జాన్ ప్రమాణము చేశాడు" అని వ్రాయుట తప్పు. ఇక్కడ మనుష్యుని ప్రమాణమునకు ముందే కృప వచ్చినది. బిషప్పు పోలీసులతో పలికిన మాట సత్యమా కాదా అన్న నైతిక ప్రశ్న తరగతిలో చర్చింపదగినదే. ఆధార గ్రంథము దానిని దాచనూ కూడదు, తీర్పు తీర్చనూ కూడదు.

4. రెండవ దొంగతనము

సంపుటి పూర్తిగా విడిచిపెట్టిన సంఘటన ఇది. బిషప్పు ఇంటి నుండి బయలుదేరిన ఆ దినముననే, ఊరి వెలుపల బయలులో వాల్జాన్ కూర్చుండగా, పెతి జెర్వే అను బీద బాలుడు నాణెములు ఎగురవేసికొంటూ ఆ దారిని వచ్చాడు. నలభై సూల నాణెము ఒకటి దొర్లి వచ్చినది. వాల్జాన్ దాని మీద కాలు పెట్టాడు. బాలుడు ఏడ్చి అడిగినా కాలు తీయలేదు. చివరకు గద్దించి తరిమివేశాడు. తరువాత తెలివి వచ్చినవానివలె కేకలు వేస్తూ బాలుని కొరకు పరుగెత్తాడు, బాలుడు దొరకలేదు. అప్పుడు, 19 సంవత్సరములలో మొదటిసారిగా, ఏడ్చాడు.

అనగా హ్యూగో మారుమనస్సును దీపస్తంభముల వద్ద ఉంచలేదు. కృప పొందిన తరువాత చేసిన దొంగతనము వద్ద ఉంచాడు. జక్కయ్య నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని నిలువబడి చెప్పగలిగాడు. వాల్జాన్‌కు ఆ అవకాశము కూడా లేదు, చెల్లించవలసినవాడు కనబడలేదు. తరువాతి జీవితమంతా దారిన పోయే బీద బాలురను చూచి డబ్బులిచ్చుచు ఆ అప్పును తీర్చుకొన్నాడు.

చట్టము దృష్టిలో కూడా ముఖ్యమైన నేరము ఇదే. విడుదలైన ఖైదీ దారిలో చేసిన దోపిడి అది. జావేర్ అను పోలీసు అధికారి "రొట్టె దొంగ"ను వెంటాడాడనుట పొరపాటు. మాదలేన్ అను పేరుతో ఒక పట్టణమునకు మేయరైన వాల్జాన్, 1823లో తనకు బదులుగా షాంమత్యు అను అమాయకుడు శిక్ష పొందబోవుచున్నాడని విని, రాత్రంతా పెనుగులాడి, అర్రాస్ న్యాయస్థానములో తన్ను తాను బయలుపరచుకొన్నాడు. ఆ దోపిడి నేరము మీద అతనికి పడినది మరణశిక్ష. రాజు దానిని యావజ్జీవ కఠిన శిక్షగా మార్చాడు. ఈసారి అతని ఖైదీ సంఖ్య 9430. ప్రసిద్ధమైన 24601 మొదటి శిక్షాకాలపు సంఖ్య.

5. తెలుగు తెర మీద

మన సంఘ పెద్దలలో అనేకులకు ఈ కథ తెలిసినది గ్రంథము వలన కాదు, "బీదల పాట్లు" వలన. 1950లో కె. రామనాథ్ దర్శకత్వములో, చిత్తూరు వి. నాగయ్య నాయకుడుగా, తెలుగులోను, "ఏళై పడుం పాడు" అను పేరుతో తమిళములోను ఈ చిత్రము వెలువడినది. తమిళ చిత్రములో పోలీసు అధికారి పాత్ర ధరించిన సీతారామన్‌కు "జావర్ సీతారామన్" అను పేరు స్థిరపడిపోయింది. 1972లో బి. విఠలాచార్య దర్శకత్వములో "బీదల పాట్లు" మరల వచ్చినది. ఆధార గ్రంథము ఈ చిత్రములను ప్రత్యేక భాగములో పేర్కొనాలి. చిత్రములో చూచిన సంగతిని నవలలోని సంగతిగా వ్రాయకూడదు.

ఖైదీ కథను సరిగా చెప్పవలెనన్న పట్టుదల మన జిల్లాకు కొత్తది కాదు. 1948లో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి బంధింపబడినది ఇందూరు కోటలోని జైలులోనే. తాను చూచిన ఖైదీల జీవితములను ఆళ్వారుస్వామి "జైలు లోపల" అను కథల సంపుటిగా వ్రాశాడు. జైలు పరిచర్య చేయు మన సేవకులు దానిని కూడా చదవాలి.

6. నమోదు ఎలా ఉండాలి

హ్యూగోను మన సువార్త రచయితగా చూపుట కూడా సరికాదు. రోమను కతోలిక సంఘము ఈ నవలను 1864లో నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చినది. హ్యూగో తన మరణశాసనములో దేవుని నమ్ముచున్నానని చెబుతూనే సంఘముల ప్రార్థనలను నిరాకరించాడు. ఇవి దాచకుండ, ఈ క్రింది విధముగా నమోదు చేయవచ్చునని మా సూచన:

"వాల్జాన్, జాన్ (వాల్జీన్ అని కూడా): కల్పిత పాత్ర, హ్యూగో నవల లే మిజరాబ్ల్ (1862) నాయకుడు. నవల ప్రకారము జననము 1769, మరణము 1833. రొట్టె దొంగతనమునకు 5, పారిపోవు ప్రయత్నములకు 14, మొత్తము 19 సంవత్సరముల శిక్ష (1796-1815). బిషప్పు ఇంట భోజనపు వెండి సామాను దొంగిలించాడు. బిషప్పు దానితో పాటు దీపస్తంభములను ఇచ్చాడు. అదే దినమున ఒక బాలుని నాణెమును అపహరించి, పశ్చాత్తాపపడ్డాడు. తరువాత మేయరు; నిర్దోషిని విడిపించుటకు తన్ను తాను అప్పగించుకొన్నాడు. మరల తప్పించుకొని, కోజెత్ అను అనాథ బాలికను పెంచాడు. తెలుగు చిత్రములు: బీదల పాట్లు (1950, 1972)."

ముగింపు

నవల చివర వాల్జాన్ మరణశయ్య మీద ఉండగా, పాదిరిని పిలువనా అని అడిగారు. తనకొకరున్నారని పైకి చూపించాడు. ఆ గదిలో వెలుగుచున్నవి ఆ రెండు దీపస్తంభములే. వాటికీ ఆ రాత్రికీ మధ్య 18 సంవత్సరములున్నాయి. పడిపోవుట, లేచుట, దాగుకొనుట, బయలుపరచుకొనుట అన్నీ ఉన్నాయి. నాలుగు వాక్యముల సంపుటి ఈ 18 సంవత్సరములను ఒక రాత్రిగా కుదించివేసింది.

కోటగిరి పెద్దాయన రెండవ ప్రశ్నకు ఆ దినమున మేము తృప్తికరముగా జవాబు చెప్పలేకపోయాము. మరల కలిసినప్పుడు పెతి జెర్వే నాణెము కథ చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గీ ముచ్చట మా పోరనికి గూడ చెప్పాలె, అయ్యగారూ" అన్నాడు. ఆయన అడిగింది అంతే. మన సంఘములో అట్టి కుమారుడున్న తండ్రి ఏ బల్ల మీద కూర్చున్నాడో మనకు తెలియదు గనుక, ఈ కథను చెప్పు కాపరి దానిని పూర్తిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పవలెనని మా మనవి.