వేషము – స్వభావము: వీరపాత్రల చలనచిత్రానుసరణమును గూర్చి

తెలిసిన కథను తిరిగి చెప్పుట ఆంధ్రులకు క్రొత్త కాదు. మన వాఙ్మయమునకు ఆదికావ్యమైన నన్నయ భారతమే ఒక అనుసరణము. అందుచేత మూలమును మార్చవచ్చునా యను ప్రశ్న మన సంప్రదాయమున నిలువదు. మార్చకుండ తెచ్చినవారెవరును లేరు. నిలుచు ప్రశ్న వేరొకటి కలదు: కథ మారిన పిదప నాయకుడు ఆ నాయకుడేనా?

పదవ శతాబ్దిలో ముంజుని ఆస్థానమున నుండిన ధనంజయుడు దీనికి సమాధానము చెప్పియున్నాడు. దశరూపకమున ఆయన నాటకకర్తకిచ్చిన అనుమతి మిక్కిలి ఉదారమైనది. ప్రసిద్ధకథలో నాయకునకు గాని రసమునకు గాని తగని అంశమున్నచో దానిని విడువవచ్చును, లేదా వేరువిధముగ కల్పింపవచ్చును. భారతమున దుష్యంతుడు శకుంతలను ఎరిగియుండియు ఎరుగనట్లు నటించెను. కాళిదాసు దుర్వాసశాపమును తెచ్చి ఆ కపటమును నిజమైన మరపుగ మార్చెను. గమనింపవలసినదేమన, ఈ అనుమతి పాత్రను కాపాడుట కొరకు ఈయబడినది. పాత్రను తారుమారు చేయుటకు కాదు. బొమ్మల కథలలోని మహావీరులను నేడు తెరకెక్కించువారికి ఇంతకంటె మంచి సూత్రము నాకు కానరాలేదు.

ధర్మపురి జిల్లాలో, హొగేనక్కల్ పరిసరమున, అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పు నాబోటి వానికి ఈ చర్చతో పనియేమని చదువరులు అడుగవచ్చును. మా ఊరి పేరు కన్నడము. పొగలు గ్రక్కు రాయి యని దాని అర్థము. బజారున తమిళము, కొన్ని ఇండ్లలో తెలుగు. 2006లో తమిళనాడున తమిళ అభ్యాస చట్టము వచ్చిన పిదప ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తమిళము నిర్బంధ పాఠ్యమగుచు 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. ప్రాంతభాషను నేర్వవలదని ఎవరును అనరు. కాని తెలుగు పుస్తకము పిల్లవాని చేతికి వచ్చు గడియలు తగ్గినవి. 1947 జూలైలో తెలుగునను, అంబులిమామా యను పేర తమిళమునను పుట్టిన చందమామ 2013 నాటికి ముద్రణ చాలించినది. మిగిలినది తెర. కావేరిలో పుట్టి నడుపువాని కుమారుని ఘటోత్కచుడెవరని అడుగుడు. వాడు భారతమును ఎరుగడు, కాని రంగారావు నవ్వు నవ్వి చూపును. చదివినవానికి చలనచిత్రము ఒక పాఠాంతరము. చదువనివానికి అదియే మూలము. కావున అనుసరణమున పాత్ర చెడినచో దిద్దుకొనుటకు వానికి వేరొక ప్రతి లేదు.

ఆ నవ్వు కలిగిన చిత్రమును గూర్చియే మొదట చెప్పుదును. 1957లో విజయావారు, కె. వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో నిర్మించిన మాయాబజార్‌కు ఆధారమైన శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. తమిళ ప్రతిలో ఆమె పేరే వేరు, వత్సల. తెలుగున అక్కినేని ధరించిన అభిమన్యుని పాత్రను తమిళమున జెమినీ గణేశన్ ధరించెను. లక్ష్మణకుమారునిగ రేలంగికి బదులు తంగవేలు వచ్చెను. భారతకథయై యుండియు అందు పాండవులు తెరపై ఒక్కమారైనను కానరారు. అక్షరానుసరణమును కోరువారికి ఇన్ని అపరాధములున్న చిత్రము మరియొకటి దొరకుట కష్టము. అయినను అందలి ఘటోత్కచుని చూచి ఇతడు హిడింబ కొడుకు కాడన్నవారిని నేనెరుగను.

కారణము విచారింపదగినది. ద్రోణపర్వమున ఘటోత్కచుడు రాత్రియుద్ధమున కర్ణుని శక్తికి గురియై, అర్జునుని కొరకు దాచిన ఆయుధమును తనపై వ్యయము చేయించి పడిపోవును. తండ్రివైపు బంధువుల కొరకు వచ్చుట, తల్లి మాట జవదాటకుండుట, మాయను తన లాభమునకు వాడకుండుట వాని స్వభావము. పింగళివారు ఆ మరణమును తీసికొనలేదు; దానికి మూలమైన మనస్సును తీసికొనిరి. చిత్రమున అతడు ఎరుగక అభిమన్యునితో పోరును, తల్లి చెప్పగనే తమ్ముడని తెలిసి కరగును, వాని పెండ్లి కొరకు ద్వారకకు పోవును. సందర్భము యుద్ధము నుండి పెండ్లికి మారినది, మనిషి మారలేదు.

ఇంకను విశేషమొకటి కలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించిన పిదప ఆ పాత్రను నటించినది సావిత్రి. తెరపై కనబడునది సుకుమారియగు రాజకన్య. కాని నడకలో ఆ బరువు, కన్ను త్రిప్పుటలో ఆ గర్వము, పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని పాదము త్రొక్కుటలో ఆ కొంటెతనము రాక్షసునివి. రంగారావుగారి ఆకారమేదియు అక్కడ లేదు, ఘటోత్కచుడు మాత్రము సంపూర్ణముగ నున్నాడు. మీసము తీసి సత్యభామ వేషము కట్టిన వేదాంతం సత్యనారాయణశర్మగారిని చూచిన ఆంధ్రులకు ఇది అబ్బురము కాదు. మా జిల్లాలో ద్రౌపదీ ఉత్సవములందు భారతము ఆడు తెరుక్కూత్తు వారికిని ఈ రహస్యము తెలియును. వేషమును గుర్తించుట ఒకటి, పాత్రను గుర్తించుట మరియొకటి.

దీనికి సరిగా ఎదురుగ నిలుచునది 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున వచ్చిన తెలుగు సూపర్‌మ్యాన్. 1938లో అమెరికాలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృజించిన ఆ వీరుని దుస్తులతో నందమూరి తారకరామారావు అందు కనబడిరి. బాల్యమున తల్లిదండ్రులు దుర్మార్గులచేత హతులగుదురు. ఆంజనేయుని అనుగ్రహమున బాలునకు అద్భుతశక్తులు కలుగును. పెరిగి పగ తీర్చుకొనును. ఈ చిత్రమును పరిహసించుట సులభము, అందుచేతనే దానిని కొంత ఓర్పుతో చూడవలెను. పరగ్రహము నుండి వచ్చిన శక్తిని ఆంజనేయుని వరముగ మార్చుట దోషము కాదు. అది ధనంజయుడు ఒప్పుకొనునట్టి మార్పే. బలమనగానే తెలుగువానికి స్ఫురించు దైవమునే రచయితలు ఆశ్రయించిరి.

దోషము పగలో నున్నది. అమెరికా బొమ్మల కథలో సూపర్‌మ్యాన్ పగవాడు కాడు. నశించిన లోకము నుండి వచ్చి, కాన్సాస్‌లోని సేద్యగాండ్ర ఇంట పెరిగి, వారు నేర్పిన మంచితనము చేత పరులకు సాయపడువాడు. తల్లిదండ్రుల హత్యను కన్నులార చూచి దాని భారమును జీవితమంతయు మోయువాడు 1939లో పుట్టిన బ్యాట్‌మ్యాన్. తెలుగు చిత్రము ఒకని వస్త్రములను, మరియొకని గాయమును కలిపినది. అంతేకాదు, పగ ఆంజనేయునకును తగదు. రామాయణమున ఆయన బలము తనదని తానే ఎరుగడు, జాంబవంతుడు గుర్తుచేయవలసివచ్చెను. సముద్రము దాటినది పరుని కార్యమునకై. తన సొంత కక్ష తీర్చుకొనుటకు ఆయన తోక కదల్చిన ఘట్టము నాకు గుర్తులేదు. ఇట్లు ఆ చిత్రము రెండు మూలములను ఆశ్రయించి రెండింటికిని దూరమైనది.

పడమటి వారును ఇట్టి చిక్కులో పడకపోలేదు. 2013లో జాక్ స్నైడర్ తీసిన మ్యాన్ ఆఫ్ స్టీల్‌లో సూపర్‌మ్యాన్ తన శత్రువగు జాడ్ మెడ విరిచి చంపగా అభిమానులు రెండు పక్షములైరి. చంపుట మూలమున లేదనుట సరికాదు. 1988లో జాన్ బైర్న్ రచించిన సంచికలో ఆ వీరుడు ముగ్గురిని వధించెను. అయితే ఆ వధ పిదప అతని మనస్సు చెదరినది. భూమిని విడిచి తనకు తానే ప్రవాసశిక్ష విధించుకొనెను. చలనచిత్రమున అతడు ఒక క్షణము ఆక్రోశించును, తరువాతి ఘట్టములలో దాని జాడ లేదు. చర్యను మూలము నుండి తెచ్చి, ఆ చర్యకు చెల్లించిన మూల్యమును అక్కడనే విడిచిరి. పాత్రభంగమనగా నా అభిప్రాయమున ఇదియే.

మన వైపు తిరిగి చూచినచో, 1994లో చందమామ విజయా కంబైన్స్ వారు సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున తీసిన భైరవద్వీపము నాకు ఎక్కువ తృప్తినిచ్చినది. రావి కొండలరావుగారి ఆ కథ ఏ ఒక్క ధారావాహికకును అనుసరణము కాదు; చందమామ చదివి పెరిగిన మనస్సుకు అనుసరణము. ఆటపాటల పాలు అవసరమునకు మించినను, నడుమ ఒక ఘట్టము చిత్రమునంతను నిలబెట్టినది. రాజకుమారి ప్రాణము నిలుచుటకై నాయకుడు కురూపియగుటకు ఒప్పుకొనును. అందగాడైన కథానాయకుని ముఖమే పెట్టుబడియగు వ్యాపారమున ఆ ముఖమును తీసివైచుట సాహసము. ముఖము పోయిన పిదప వీనిలో వీరుడు మిగిలియున్నాడా యని ప్రేక్షకుడు చూడవలసివచ్చును. మిగిలియున్నాడు.

2024 జనవరి 12న వెలువడిన ప్రశాంత్ వర్మ హనుమాన్ ఈ చర్చను తెరపైకే తెచ్చినది. అంజనాద్రి యను పల్లెలో చిల్లర దొంగతనములు చేయు హనుమంతునకు రుధిరమణి దొరకును; తేజ సజ్జా ఆ పాత్రను అల్లరిగను నమ్రముగను పోషించెను. కాని నన్ను ఆలోచింపజేసినది ప్రతినాయకుడగు మైఖేల్ బాల్యము. మహావీరులకు తల్లిదండ్రులుండరని బొమ్మల కథల నుండి గ్రహించి, తానును మహావీరుడు కావలెనని వాడు తన తల్లిదండ్రులనే చంపును. తరువాత ముసుగు, యంత్రములు, పేరు, అన్నియు సమకూర్చుకొనును. లక్షణములను లెక్కపెట్టి స్వభావమును చదువనివాని చిత్రమది. నలువది నాలుగేండ్ల క్రిందట తెలుగు సూపర్‌మ్యాన్ అమాయకముగ చేసిన పనిని ఈ చిత్రము ఒక రాక్షసబాలుని నేరముగ చూపినది. చివరి ఘట్టమున అద్భుతముల హోరు మిక్కుటమై, వేసిన ప్రశ్న కొంత మరుగునపడినమాట వాస్తవము. అయినను మా తొమ్మిదవ తరగతి పిల్లలు ఈ చిత్రమును గూర్చి వాదించుకొన్నపుడు వారి వాదము ఎగురుటను గూర్చి కాక, మైఖేల్ ఎందుకు వీరుడు కాలేదన్నదానిని గూర్చి సాగినది.

ఇంకను తెరకెక్కవలసిన సొత్తు మన యింటనే యున్నది. 1954లో తోకచుక్కతో మొదలిడి దాసరి సుబ్రహ్మణ్యము చందమామకు వ్రాసిన ధారావాహికలు, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, దశాబ్దముల పాటు పిల్లలను నిదురపోనీయలేదు. ఆయన పేరు పత్రికలో అచ్చుకాలేదు. చిత్ర యను పేర టి. వి. రాఘవన్ గీసిన బొమ్మల క్రింద సంతకము మాత్రముండెడిది. ఎవరైనను వానిని చిత్రముగ తీయబూనినచో, చిత్రగారి కత్తులు, కోటలు, శిథిలాలయములు, వికృతాకారములు కంప్యూటరు పనివారికి ఒక పూట పని. ఆపదలో ఆ యువకులు ఒకరినొకరు విడువకుండుట, మాంత్రికునకు బెదరక యుక్తిగ మాటలాడుట మాత్రము బొమ్మలో కానరాదు. వాక్యములో నున్నది. దానికై నిర్మాతలు పాత సంచికలను చూచుటతో సరిపెట్టక చదువవలసియుండును. సంభాషణలు వ్రాయువాడు తెలుగు చదువ నేర్చినవాడై యుండవలెను.